అక్దస్ నోట్లో తూబా పళ్ళు

“ఆ పళ్ళు నావి మునీరె. ఉన్నది దాని నోట్లోనే అనుకో. కానీ నావి.”

తూబా ఖానుం ఎడమ చెయ్యి బల్లమీద చాపి మొహం గోడవైపు తిప్పుకుంది. డెబ్బై నాలుగేళ్ళొచ్చినా ఆవిడకి సూదంటే భయం పోలేదు. మునీరె ఉంగరం వేలు పట్టుకుని దూదితో తుడిచింది. తబ్రీజ్ నగరం ఆసుపత్రుల్లో ముప్పయ్యేళ్ళు నర్సుగా చేసి రిటైరై, ఈ ఇంటి కింది వాటాలో అద్దెకి దిగిన మనిషి ఆమె. రోజూ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చి, పై వాటా ముసలావిడకి రక్తంలో చక్కెర చూసి, రెండు గ్లాసుల టీ తాగి, చెప్పినంతా విని దిగిపోతుంది. రెండేళ్ళుగా అదే వరస. వినడంలో ఆమెకి విసుగన్నది లేదు.

“నొప్పి పెట్టిందా?”

“నొప్పి వేలికి కాదులే. నిన్న కిటికీలోంచి చూశాను. ఎదురింటి బాల్కనీలో నుంచుని యాపిల్ తింటోంది మా తోడికోడలు అక్దస్. చాకు లేదు, ముక్కలు చెయ్యడం లేదు. తొక్కతో సహా. కరక్, కరక్! ఆ చప్పుడు వీధి దాటి నాదాకా వచ్చింది.”

“మంచు పడుతోందని కిటికీ మూసుకున్నారు కదా ఖానుం?”

“మూసే ఉంది. అయినా వినపడింది.”

మునీరె మీటరు చూసింది. “నూట తొంభై. ఆవిణ్ణి చూసిన మర్నాడు ఇరవై ఎక్కువే చూపిస్తోంది ఇది.”

“అయితే దాన్నే ఎక్కడికైనా పంపించు. నాకు మందులు మానెయ్యొచ్చు.”

నవ్వేసరికి కింది కట్టుడు పళ్ళు లేచాయి. తూబా చప్పున పెదాలు మూసి, నాలుకతో వాటిని కిందికి నొక్కుకుంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆవిడ నవ్వులన్నీ అంతే. ముప్పయ్యేళ్ళుగా ఏ నవ్వూ చివరిదాకా వెళ్ళింది లేదు.

ఆవిడ పద్దెనిమిదో ఏట ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. గింజలు వేయించి అమ్మే కుటుంబం. బజారు మొదట్లో కొట్టు, కొట్టు వెనక ఇటుకల పొయ్యి, పొయ్యిమీద ఇనప మూకుడు. పుచ్చగింజలు, గుమ్మడిగింజలు, పిస్తా, బాదం. కొత్త కోడలు ముందుపళ్ళ మధ్య గింజ పెట్టి, టిక్కుమని చీల్చి, పప్పు నాలుకమీదికి జార్చుకుని, “ఇంకొంచెం సేపు నిమ్మరసంలో నానాల్సింది మామయ్యగారూ,” అందట. ఆ మాట మామగారు మరిచిపోలేదు. ఆనాటినుంచీ ప్రతి గురువారం దించిన మొదటి మూకుడులోంచి గుప్పెడు గింజలు రాగి పళ్ళెంలో ఇంటికి వచ్చేవి. తూబా కొరికి చూసి సరేనంటేనే సంచులు కట్టేవాళ్ళు. ఉప్పు ఎక్కువైందంటే ఆ మూకుడు మొత్తం పక్కకి పోవాల్సిందే. కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు “తూబా ఖానుం చూసిందా?” అని అడిగి మరీ కొనేవాళ్ళు. గింజలు చీల్చీ చీల్చీ ఆవిడ ముందుపంటిమీద చిన్న గాటు పడింది. ఆ ఇంటి ఆడవాళ్ళందరికీ ఉండేదది. తూబాకున్నది అందరికంటే లోతు.

నలభై మూడో ఏట ఒక చలికాలంలో చిగుళ్ళు చీము పట్టాయి. అప్పట్లో బాగుచెయ్యడం అంటే పీకెయ్యడమే. పైవీ కిందవీ అన్నీ పీకి కట్టుడు పళ్ళు చేతిలో పెట్టారు. పళ్ళు పోయిన దవడ ఏటికేడు అరిగిపోతుందని ఎవరూ చెప్పలేదు. పైవి అంగిలికి అతుక్కుని ఎలాగో నిలిచాయి. కిందవి మాత్రం కడిగిన గిన్నెలో సబ్బుముక్కలా జారుతూనే ఉన్నాయి. అంటుకునే పొడి చల్లుకుంటే గంట నిలిచేవి, దూది పెట్టుకుంటే రెండు గంటలు. గింజల్ని రోట్లో దంచి, నాలుకమీద వేసుకుని రుచి చెప్పేది. అయినా పళ్ళెం రావడం మానలేదు. ఆ ఒక్కటీ ఆవిడకి మిగిలింది.

పోయిన ఏడాది ఒక గురువారం ఆ పళ్ళెం ఈ మెట్లెక్కలేదు. వీధి దాటి ఎదురింటికి వెళ్ళింది. కిటికీలోంచి చూసింది తూబా. అక్దస్ గుమ్మంలో నిలబడి, పళ్ళెంలోంచి ఒక పిస్తా తీసుకుని, కొత్త పళ్ళతో నమిలి తలూపింది.

“నా మొగుడు గఫార్‌ని అడిగాను. ‘దానికి పళ్ళున్నాయి కదే, నీకెందుకు శ్రమ,’ అన్నాడు. శ్రమట! యాభయ్యేళ్ళు చేశాక ఇప్పుడు శ్రమైపోయింది.”

“ఆ పళ్ళు మీవని ఎందుకంటారు ఖానుం? ఆ సంగతి సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు,” అంది మునీరె, టీ కాచే సమోవర్ కుళాయి తిప్పుతూ.

తూబా చెప్పింది. ఇంతకుముందు పదిసార్లు ముక్కలుముక్కలుగా చెప్పిందే, ఈసారి మొదటినుంచీ.

ఏడాదిన్నర కిందట విశ్వవిద్యాలయం పళ్ళ కాలేజీలో, దవడ అరిగిపోయిన పెద్దవాళ్ళకి దాదాపు ఊరికే వైద్యం చేస్తున్నారని తెలిసింది. ప్రొఫెసరు చేస్తుంటే కుర్ర డాక్టర్లు చూసి నేర్చుకుంటారన్న మాట. తోడికోడళ్ళిద్దరూ ఒకే టాక్సీలో వెళ్ళారు. అక్దస్ ఆరేళ్ళు చిన్నది, కట్టుడు పళ్ళు మాత్రం ఆవిడకీ ఉన్నాయి. ఇద్దరికీ ఎక్స్-రేలు తీశారు. డాక్టర్ పూయాన్ అనే కుర్రవాడు రెండు ఫిల్ములూ దీపానికి పెట్టి చూపించాడు. కింది దవడ రెండింటిలోనూ పెన్సిలంత సన్నంగా ఉంది.

“ఇద్దరిదీ ఒకటే కథ,” అన్నాడు. “ముందు ఎముక పొడి వేసి అయిదారు నెలలు ఆగాలి. ఎముక కట్టాక ముందువైపు రెండు మరలు బిగిస్తాం. అవి నిలిచాక వాటిమీద గుండీలు. పళ్ళ సెట్టు ఆ గుండీలకి టక్కుమని పట్టుకుంటుంది. ఇక లేవదు, జారదు. కానీ ఈ విడతలో ఒక్కరికే చోటుంది. వయసు ప్రకారం మీది తూబా ఖానుం. కావాలా?”

తూబా తలమీది చాదర్ సర్దుకుని ఏమనాలో అదే అంది. “నేనెంత నాయనా. నాకింకెన్నాళ్ళులే. చిన్నది పక్కనే ఉంది, దానికి పెట్టండి.”

తబ్రీజ్‌లో ఎవరికైనా తర్వాత జరగాల్సింది ఏమిటో తెలుసు. డాక్టరు “అదేం మాట అమ్మా” అనాలి. తను మళ్ళీ కాదనాలి. అక్దస్ అందుకుని “అయ్యో, అక్క ఉండగా నేనా, చస్తే కూర్చోను ఆ కుర్చీలో” అనాలి. డాక్టరు మూడోసారి అడగాలి. అప్పుడు తను నిట్టూర్చి “మీరంతగా అంటుంటే సరే” అనాలి. టీ గ్లాసు అందుకునేటప్పుడైనా, టాక్సీ ఎక్కేటప్పుడైనా మనుషులు చేసేది ఇదే. అందుకని తూబా తన వంతు మాట అనేసి, మిగతావాళ్ళ వంతుకోసం ఎదురుచూసింది.

డాక్టర్ పూయాన్ “సరేనమ్మా” అని కాగితంమీద అక్దస్ పేరు రాసుకున్నాడు.

“ఎక్కడి పిల్లాడనుకున్నావ్? వేరే దేశంవాడు కాదు. మా పక్క వీధి! వాళ్ళమ్మ పెళ్ళికి గింజలు మా కొట్టునుంచే వెళ్ళాయి. వాడికి తెలీదా?”

“తెలిసినా చెయ్యలేరు ఖానుం. వద్దన్న మనిషిని బలవంతపెట్టారంటే రేపు వాళ్ళమీదికే వస్తుంది. పేషెంటు ఏదంటే అదే రాసుకోవాలి. మాక్కూడా అదే నేర్పారు.”

“వాణ్ణి వదిలేశాను. అది? నా తోడబుట్టినదానిలా తిరిగిందే, అది ఒక్క మాటన్నదా? ‘ముందు అక్కకి’ అని రెండు ముక్కలు. నోరు మెదపలేదు మునీరె. నేలచూపులు చూస్తూ నుంచుంది. దొరికింది కదాని మింగేసింది.”

టీ చల్లారిపోయింది. రెండో గ్లాసు అడగకుండానే మునీరె లేచింది. మర్నాడు అక్దస్ ఇంట్లో ఆడవాళ్ళ కూటం. నెలకొకరి ఇంట్లో జరుగుతుంది. తూబా మూడు నెలలుగా తలనొప్పనీ మోకాళ్ళనీ మానేసింది. ఈసారి మానితే అసూయతో రాలేదనుకుంటారని, వస్తానని కబురు పెట్టింది. తోడుగా మునీరెని రమ్మంది.

అక్దస్ ఇంట్లో పది మంది ఆడవాళ్ళు గోడవారగా మెత్తలకి ఆనుకుని కూర్చున్నారు. నడుమ దానిమ్మలు, నారింజలు, పెద్ద గిన్నెనిండా గింజలు. అక్దస్ అందరికీ టీ ఇచ్చి తనూ కూర్చుంది. చక్కెర గడ్డ ఒకటి తీసుకుని ముందుపళ్ళ మధ్య పట్టుకుని, దాని మీదుగా టీ పీల్చింది. తూబా చూపు ఆ గడ్డమీద పడి కదల్లేదు. ముప్పయ్యేళ్ళైంది తను గడ్డ అలా పట్టుకుని. గడ్డకి పట్టు చిక్కాలంటే కింది పన్ను కదలకూడదు. అక్దస్ పన్ను కదల్లేదు. గడ్డ కొసన తెల్లగా మెరుస్తూ, టీ తగిలి మెల్లగా కరుగుతోంది.

ఒకావిడ అంది. “అక్దస్ ఖానుం, పదేళ్ళు వెనక్కి వెళ్ళిపోయావే! పళ్ళు ఎంత బావున్నాయో!”

మరొకావిడ తూబావైపు తిరిగింది. “మీరేమంటారు తూబా ఖానుం? మీ తోడికోడలు కొత్త పెళ్ళికూతురులా లేదూ?”

అందరూ చూస్తున్నారు. మంచిమాట అనక తప్పదు. తూబా కింది పళ్ళు నాలుకతో అదిమి పట్టుకుని, “ముబారక్ అక్దస్. చాలా అందంగా ఉన్నాయి,” అంది.

మెచ్చుకున్న వస్తువుని మెచ్చుకున్నవాళ్ళకి ఇచ్చేస్తాననడం అక్కడ మర్యాద. చాదరైనా సరే, గిన్నైనా సరే. ఎవరూ తీసుకోరు, ఇచ్చేవాళ్ళూ ఇవ్వరు. అక్దస్ ఆలోచించకుండానే అనేసింది.

“మీవే అక్కా. మీకంటే ఎక్కువా, తీసుకోండి.”

“అయితే ఇయ్యి,” అంది తూబా.

గదిలో గింజలు చీలుస్తున్న చప్పుళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. తూబా నవ్వలేదు. చెయ్యి చాపింది, అరచెయ్యి పైకి పెట్టి. మునీరె ఆవిడ మోచెయ్యి పట్టుకోబోయి మానుకుంది.

అక్దస్ మొహం కందిపోయింది. గ్లాసు కింద పెట్టి లేచి, “వంటింట్లోకి రా అక్కా,” అంది.

తూబా లేచింది. తోడుగా వచ్చిన మునీరె కూడా వెనకే వెళ్ళింది. అక్దస్ తలుపు దగ్గరికేసి, పంపు తిప్పి, రెండు బొటనవేళ్ళూ నోట్లో పెట్టి పైకి లాగింది. టక్, టక్. కింది పళ్ళు ఊడి వచ్చాయి. నీళ్ళకింద కడిగి, టీ సాసర్లో పెట్టి, తూబా ముందుకి జరిపింది.

“ఇవిగో. తీసుకో.”

పళ్ళు తీశాక అక్దస్ దవడ లోపలికి పోయి, గడ్డం ముక్కు దగ్గరికి వచ్చింది. మాట వత్తులు పోయి మెత్తగా వస్తోంది. కింది చిగుళ్ళమీద రెండు లోహపు గుండీలు, శనగగింజంతవి, మెరుస్తున్నాయి. తూబా చూపు సాసర్లోని పళ్ళమీదికన్నా ఆ గుండీలమీదికే పోయింది. ఇంతకాలం ఆవిడ చూసింది నవ్వునీ యాపిల్‌నీ. అసలు సొత్తు ఇదీ అని ఇప్పుడు తెలిసింది.

“ఆ గుండీలు నోట్లోంచి ఊడి రావు కదా, తెలిసే అంటున్నావ్,” అంది.

“నాలుగు నెలలు జావ తాగి పెట్టించుకున్నవి. ఊడి రావు,” అంది అక్దస్. “ఏడాదినుంచీ నాతో సరిగ్గా మాట్లాడవు. అడుగుదామంటే మోకాళ్ళంటావు. ఏం చేశానో చెప్పు.”

“ఏం చేశావా? డాక్టరు ముందు నేను వద్దంటే, నువ్వు ముందు అక్కకి అనాలి. అన్నావా?”

అక్దస్ ఆవిణ్ణి తేరిపార చూసింది. “ఎలా అంటాను? ఎక్స్-రేకి పళ్ళు తీయించారు కదా. నువ్వు మళ్ళీ పెట్టేసుకున్నావ్. నావి పెట్టుకునేలోపే ఆ పిల్లాడు పిలిచాడు. చేతి రుమాల్లో ఉన్నాయవి. పాతికేళ్ళ కుర్రాడి ముందు ఈ బోసినోరు ఎలా తెరవను అక్కా? పళ్ళు పోయిననాడు మొదలు మా ఆయన యదుల్లా ముందు కూడా తెరవలేదు.”

తూబాకి ఆ రోజు అక్దస్ చేతిలో తెల్ల రుమాలు ఉండటం గుర్తొచ్చింది. ముక్కు తుడుచుకోవడానికనుకుంది.

“తర్వాతైనా అనొచ్చుగా.”

“తర్వాత నువ్వు టాక్సీలో ముందు సీట్లో కూర్చున్నావ్. సరే, అనలేదు. నాకూ కావాలనిపించింది, అందుకే అనలేదు. ఒప్పుకుంటున్నా.” అక్దస్ పళ్ళు తీసుకుని టక్‌టక్‌మని పెట్టేసుకుంది. మాటకి మళ్ళీ వాడి వచ్చింది. “కానీ పోయిన శరత్కాలంలో నేనే వెళ్ళి నీ పేరు రాయించానే! చోటు ఖాళీ కాగానే ఫోను చేస్తామన్నారు. చేశారు కూడా. నువ్వు వద్దన్నావట.”

మునీరె తూబావైపు చూసింది. ఈ ఫోను సంగతి రెండేళ్ళలో ఏ మధ్యాహ్నమూ బయటికి రాలేదు.

“చేసింది ఒక పిల్ల,” అంది తూబా. “‘మీకు రావడానికి ఇష్టమేనా ఖానుం’ అంది. ‘నా వయసేం వయసమ్మా, ఎవరైనా చిన్నవాళ్ళకి ఇవ్వండి’ అన్నాను.”

“మరి?”

“‘సరే ఖానుం, సెలవు’ అని పెట్టేసింది. ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను, మళ్ళీ చేస్తుందేమోనని.”

అక్దస్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవాలనుకుంది గానీ ఆగలేదు. గోడకి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నోరంతా తెరిచి. పళ్ళు ఒక్కటీ లేవలేదు. తూబా ఆ నవ్వుని మొదటినుంచి చివరిదాకా చూసింది. యాపిల్ కంటే, చక్కెర గడ్డ కంటే అదే ఎక్కువ కాల్చింది ఆవిణ్ణి.

“నవ్వు, నవ్వు. నీకేం.”

“నవ్వితే కోపమా? సరే విను, నువ్వు సంతోషపడే మాట చెప్తాను. గింజలు ముందుపళ్ళతో చీల్చడానికి లేదన్నారు నన్ను. సెట్టు విరుగుతుందట. గోటితో విప్పుకుని తింటున్నాను. మొన్న గురువారం ఉప్పు సరిపోయిందన్నాను, సంచులు కట్టేశారు. ముగ్గురు తిరిగి తెచ్చారు. బావగారు నీకు చెప్పలేదా?”

“చెప్పలేదు,” అంది తూబా. ఎంతో అణుచుకున్నా ఆవిడ మొహం వెలిగింది. “ఉప్పు ఎక్కువా, తక్కువా?”

“అదే నాకు తెలీడం లేదు.”

“ఎవరు తెచ్చారు?”

“పోనీవే అక్కా.”

“పేర్లు చెప్పు.”

అక్దస్ చెప్పింది. మూడు పేర్లూ చెప్పేదాకా తూబా కదల్లేదు. తర్వాత బయటికొచ్చి, అందరికీ వెళ్ళొస్తానని చెప్పి, చాదర్ తలమీదికి లాక్కుని మునీరెతోపాటు వీధిలోకి దిగింది. మంచు ఆగింది. తొక్కిన చోటల్లా బురదైంది. తూబా ఇంటివైపు నాలుగడుగులు వేసి నిలబడిపోయింది.

“ఆ కాలేజీ ఎంతదాకా తెరిచుంటుంది?”

“నాలుగింటిదాకా. ఇప్పుడు రెండున్నర. టాక్సీ పిలుస్తాను, వెళ్దాం రండి.”

“నేను రాను. నువ్వెళ్ళు.”

“నోరు మీది. నేనెళ్ళి ఏం చెయ్యను?”

“నేనొస్తే ‘మీకు ఇష్టమేనా ఖానుం’ అంటారు. అప్పుడు నా నోట్లోంచి ఏం వస్తుందో నాకే నమ్మకం లేదు మునీరె. డెబ్బై నాలుగేళ్ళు ఒకే మాట అలవాటైన నోరు. నువ్వు నర్సువి. నీకు అవునంటే అవుననడం వచ్చు.”

“సరే. ఎముక ఇంకా అరిగుంటుంది, మళ్ళీ ఫిల్ము తియ్యాలంటారు. చక్కెర కూడా తగ్గించుకు రమ్మంటారు, అంతదాకా మర ముట్టుకోరు. దానికి ఒప్పుకుంటారా?”

“ఒప్పుకుంటాను. రేపటినుంచీ అన్నం సగం.”

“మూడు నాలుగు నెలలు జావే తాగాలి.”

“అది తాగింది కదా. నేనూ తాగుతాను. దానికంటే ఒక నెల ఎక్కువే తాగుతాను.” తూబా చేతిసంచీ తెరిచి, ఎక్స్-రే తీసిననాడు కాలేజీలో ఇచ్చిన, నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి మునీరె చేతిలో పెట్టింది. ఏడాదిన్నరగా సంచీలోనే తిరిగి అంచులు నలిగిపోయాయి దానివి. “తూబా ఒప్పుకుందని చెప్పు. ఒక్కసారి చెప్పు చాలు. రాసుకునేదాకా అక్కణ్ణుంచి కదలకు.”

మునీరె చీటీ కోటు జేబులో పెట్టుకుని టాక్సీకోసం రోడ్డువైపు నడిచింది. పది అడుగులు వేసిందో లేదో వెనకనుంచి కేక వినిపించింది. తూబా కింది పళ్ళమీద బొటనవేలు అదిమి పట్టుకుని అరుస్తోంది.

“మునీరె! అక్దస్‌కి రెండు గుండీలు పెట్టారని చెప్పు. నాకు నాలుగు పెట్టమను. ఎముక చాలదంటే మూడు. రెండు మాత్రం వద్దను!”